గువ్వలచెరువు ఘాట్ పైనే లారీలను ఆపే చోటు కావాలి

సంపాదకుడికి,

అయ్యా,

కడప నుంచి రాయచోటి వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిపై, గువ్వలచెరువు ఘాట్‌లో లారీ బోల్తా పడినప్పుడల్లా మరుసటి రోజు పత్రికల్లో బ్రేకులు ఫెయిలై బండి అదుపు తప్పిందన్న ఒక్క వాక్యం వస్తుంది. దానితో కారణం తేలిపోయినట్టే అందరమూ ఊరుకుంటాము. 2025 మే నెలలో ఇదే ఘాట్‌లో లారీ ఒక కారుపై పడి అందులోని వారు ప్రాణాలు కోల్పోయినప్పుడు ఆ వార్త చదివి బాధపడనివారు లేరు. కొద్ది రోజులు వేగనిరోధకాల గురించి, హెచ్చరిక బోర్డుల గురించి, మలుపుల వెడల్పు గురించి మాటలు నడిచాయి. అవన్నీ అవసరమైనవే. అయితే ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత మా అన్న కొడుకు నడుపుతున్న లారీ షెడ్డులో ఇప్పటికీ బ్రేకుల పని చూస్తున్న మనిషిగా నేను చెప్పదలచినది వాటన్నిటికంటే ముందు రావలసిన మాట. ఘాట్ దిగే భారీ వాహనానికి బ్రేకులు ఉన్నట్టుండి పోవడం అరుదు. కొండ పైన డ్రైవరు ఏ గేరు వేశాడు, ఎంత వేగంతో దిగడం మొదలుపెట్టాడు, దిగే ముందు బండి ఆపి చూసుకున్నాడా లేదా అన్న మూడు విషయాలను బట్టి అవి మలుపు మలుపుకూ కొంచెం కొంచెంగా చేజారిపోతాయి. ప్రమాదం జరిగే చోటు కింద ఉన్నా దాన్ని ఆపగలిగిన చోటు పైన ఉంది. అందుకే ఘాట్ మొదలయ్యే చోట, గువ్వలచెరువు ఊరి దగ్గర, కడప వైపు దిగే ప్రతి భారీ వాహనమూ విధిగా ఆగేలా ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఈ దారి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కడప పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 138 మీటర్ల ఎత్తులో ఉంటే రాయచోటి 350 మీటర్లకు పైనే ఉంది, రెండింటి మధ్యా పాలకొండల వరుస అడ్డంగా ఉంది. అంటే రాయచోటి నుంచి కడపకు వచ్చే బండి దిగుతుంది, కడప నుంచి వెళ్లేది ఎక్కుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు ఎత్తుకుని వెళ్లే బండ్లు నిండు లోడుతో ఎక్కి, చాలావరకు ఖాళీగా దిగివస్తాయి. మదనపల్లె మార్కెట్టు నుంచి టమోటా లోడులు, చిత్తూరు వైపు నుంచి గ్రానైటు బండలు, బెంగళూరు వైపు నుంచి సరుకుల కంటెయినర్లు మాత్రం నిండు బరువుతో దిగుతాయి. టమోటా బండికి తెల్లవారేలోపు మార్కెట్టు అందుకోవాలన్న తొందర, కంటెయినరుకు గడువు తొందర, ఖాళీ బండికి మళ్లీ లోడు అందుకోవాలన్న తొందర. ముగ్గురి తొందరా ఒకే వాలు మీద కలుస్తుంది. దిగే బండి ఎదురుగా సిమెంటు బరువుతో నత్తనడకన ఎక్కే బండ్లు ఉంటాయి, వాటి వెనక ఓపిక చచ్చి దాటేయాలని చూసే కార్లు ఉంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. పది చక్రాల లారీకి చట్టం అనుమతించే మొత్తం బరువు ఒకప్పుడు 25 టన్నులు ఉండేది, 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని 28.5 టన్నులకు పెంచింది. అంత బరువున్న బండి నిట్టనిలువు లెక్కలో 100 మీటర్ల ఎత్తు దిగితే, ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. దాన్నంతా బ్రేకులకే వదిలేస్తే పుట్టే వేడి, ముప్పై డిగ్రీల వెచ్చదనంలో ఉన్న నీటిని తొంభై లీటర్లకు పైగా తీసుకుని మరిగే స్థాయికి తెచ్చేంత. ఆ వేడి మొత్తం చక్రాల లోపల ఉన్న కొద్దిపాటి ఇనుములోకి, కొద్ది నిమిషాల్లో చేరాలి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. బండిని నెమ్మదిగా దించినా వేగంగా దించినా ఎత్తు వల్ల వదిలించుకోవలసిన శక్తి ఒక్కటే. తేడా అంతా వ్యవధిలో ఉంది. నూటికి ఆరు వాలు ఉన్న దారిలో, అంటే ప్రతి 100 మీటర్ల దూరానికి 6 మీటర్లు దిగే దారిలో, ఈ లారీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నప్పుడు వేగం పెరగకుండా నిలిపి ఉంచడానికి సుమారు 140 కిలోవాట్ల పట్టు, మన భాషలో దాదాపు 190 హార్స్ పవర్, ఎడతెగకుండా కావాలి. అదే బండి 60 కిలోమీటర్ల వేగంతో దిగితే ఆ పట్టు రెట్టింపు కావాలి. పైగా వేగం రెట్టింపైతే బండిని పూర్తిగా నిలబెట్టడానికి తీసివేయవలసిన శక్తి నాలుగింతలవుతుంది. నేల రాపిడి, గాలి ఒత్తిడి ఇందులో కొంత భారం మోస్తాయన్నది నిజమే గాని, లోడు బండి విషయంలో అది చాలా తక్కువ.

చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము లోపల ఏమి జరుగుతుందో నేను రోజూ చూసేదే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. డ్రైవరు పెడల్ తొక్కగానే ట్యాంకుల్లోని గాలి బూస్టర్‌లోకి వెళ్లి కడ్డీని తోస్తుంది, ఆ కడ్డీ బ్రేకు బిగువును సరిచేసే మీట అయిన స్లాక్ అడ్జస్టర్‌ను తిప్పుతుంది, దానితో లైనర్లు, అంటే రాపిడి పట్టీలు, బిగించిన బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్ము గోడను లోపలి నుంచి ఒత్తుతాయి. డ్రమ్ము వేడెక్కిన కొద్దీ ఉబ్బి, దాని గోడ షూలకు దూరంగా జరుగుతుంది. కాబట్టి పెడల్ ఇంకా లోతుకు తొక్కాలి, కడ్డీ ఇంకా దూరం రావాలి. కడ్డీ రాగలిగిన దూరానికి ఒక హద్దు ఉంది. అడ్జస్ట్‌మెంటు ముందే వదులుగా ఉన్న బండిలో ఆ హద్దు మరింత త్వరగా వస్తుంది. ఇటు లైనరు కూడా వేడికి పట్టు కోల్పోతుంది. ఒక దశ దాటాక డ్రైవరు పెడల్‌ను నేలకు ఆనించి తొక్కినా బండి తగ్గదు. ఆ సమయంలో మీటరులో గాలి నిండుగానే ఉండవచ్చు, గొట్టాలన్నీ బాగానే ఉండవచ్చు, ఏ భాగమూ విరిగి ఉండకపోవచ్చు. డ్రమ్ము పూర్తిగా చల్లారాక అదే బ్రేకు మళ్లీ కొంత పట్టినట్టే ఉంటుంది. ప్రమాదం తరువాత తనిఖీ చేసినవారికి లోపం కనబడకపోవడానికి, డ్రైవరు చెప్పేది అబద్ధమని అనిపించడానికి ఒక కారణం ఇదే.

మొన్న వేసవిలో మా షెడ్డుకు ఒక పన్నెండు చక్రాల బండి వచ్చింది. దాని డ్రైవరు పాతికేళ్ల కుర్రవాడు, ఘాట్ దిగుతుంటే చివరి మలుపుల్లో బ్రేకు అందలేదని, అదృష్టవశాత్తు కింద దారి ఖాళీగా ఉండటంతో బండి తనంతట తానే నెమ్మదించిందని చెప్పాడు. వెనక చక్రాలు ఊడదీసి చూస్తే లైనర్ల పైభాగం అద్దంలా నున్నగా మెరుస్తున్నది, వేలితో రాస్తే గరుకు అన్నది లేదు. డ్రమ్ము లోపలి గోడ మీద అక్కడక్కడా నీలి మచ్చలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని పగుళ్లు ఉన్నాయి. ఒక వైపు కడ్డీ రెండో వైపు కంటే స్పష్టంగా ఎక్కువ దూరం వస్తున్నది, అంటే పని అంతా ఇంచుమించు ఒక వైపు చక్రాలే చేశాయి. “అబ్బీ, పైన ఏ గేరులో దిగినావు?” అని అడిగాను. “ఆరులో ఉండె మేస్త్రీ, కొంచెం దూరం వచ్చినాక న్యూట్రల్ చేసినా, మళ్లా గేరు పడలేదు” అన్నాడు. నేర్పిన మనిషి ఎవరని అడిగితే, క్లీనరుగా ఉన్నప్పుడు చూసి నేర్చుకున్నానని, ఘాట్ ఎలా దిగాలో విడిగా ఎవరూ చెప్పలేదని అన్నాడు. అతను తెలివైనవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. అతనికి ఆ నాలుగు మాటలు కొండ పైన చెప్పే ఏర్పాటు మన వ్యవస్థలో లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఘాట్‌లో బండిని పట్టి ఉంచవలసింది మొదట ఇంజిను, ఆ తరువాతే బ్రేకు. యాక్సిలరేటర్ వదిలి తక్కువ గేరులో ఉంచితే చక్రాలు ఇంజినును తిప్పవలసి వస్తుంది, ఆ తిప్పే శ్రమే బండిని వెనక్కు పట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న బండిలో, పొగ గొట్టం దారిని ఒక రేకు మూసివేయడం వల్ల ఇంజినులోనే ఎదురొత్తిడి పుట్టి ఆ పట్టు మరింత పెరుగుతుంది. ఈ రెండూ ఇంజిను ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తాయి కనుక తక్కువ గేరు తప్పనిసరి. మీటరులో ఎర్ర గీతను మాత్రం దాటనివ్వకూడదు. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం ఈ లెక్క మీదే నిలిచింది. అయితే ఆ సూత్రం తక్కువ బలమున్న పాత ఇంజిన్ల కాలంలో పుట్టింది. ఇప్పటి బండ్లు ఎక్కువ బలంతో పై గేరులోనే సులువుగా ఎక్కేస్తున్నాయి, అదే గేరులో దిగితే ఇంజిను పట్టు చాలదు. నిండు లోడుతో ఉన్న కొత్త బండికి ఎక్కిన గేరు కంటే ఒకటి తగ్గించి దిగడమే క్షేమమని నా అభిప్రాయం.

ఆ గేరు వేయవలసింది వాలు మొదలు కాకముందే. బండి వేగం అందుకున్నాక క్లచ్ తొక్కి గేరు తగ్గించాలని చూస్తే, తీసిన గేరు ఊడుతుంది గాని కింది గేరు పడదు. అప్పుడు బండి న్యూట్రల్‌లో ఇరుక్కుంటుంది, ఆ క్షణం నుంచి మొత్తం బరువు బ్రేకుల మీదే పడుతుంది. ఆ కుర్రవాడికి జరిగింది ఇదే.

డీజిల్ మిగులుతుందని కావాలనే న్యూట్రల్ చేసేవారి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ నమ్మకం మన లారీ రంగంలో చాలా లోతుగా పాతుకుపోయింది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి వాలు దిగుతున్నప్పుడు డీజిల్ ఇంజినుకు ఇంధనం సరఫరా ఆగిపోతుంది, ఎందుకంటే దాన్ని చక్రాలే తిప్పుతున్నాయి. న్యూట్రల్ చేస్తే చక్రాలతో సంబంధం తెగి, ఇంజిను తనంతట తాను తిరగడానికి డీజిల్ కాల్చుకోవలసి వస్తుంది. అంటే బ్రేకు వేస్తూ దిగవలసిన నిటారు ఘాట్‌లో న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు, పైగా పోయేది ఉంది, లైనర్ల ఖర్చు అదనం. ఇక ఇంజినునే ఆపివేసి దిగేవారు గాలి నింపే కంప్రెసర్‌ను, పవర్ స్టీరింగ్‌ను కూడా ఆపుకుంటున్నారు. అది ఎవరూ చేయకూడని పని. పొరుగున తమిళనాడులో ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాట్‌లో, మహారాష్ట్రలో పుణె నగరం అంచున కాత్రజ్ సొరంగం దాటాక నవలే వంతెన వైపు దిగే వాలులో వరుసగా ప్రమాదాలు జరిగినప్పుడు అక్కడి అధికారులు పదే పదే చెప్పిన కారణాల్లో ఈ న్యూట్రల్ అలవాటు ముఖ్యమైనది. మన ఘాట్‌లో వేరే కారణాలు వెతుక్కోనక్కరలేదు.

తక్కువ గేరులో ఉన్నా వేగం కొంచెం కొంచెంగా పెరుగుతుంటే బ్రేకు వాడక తప్పదు. వాడే పద్ధతిలోనే నేర్పు ఉంది. ఘాట్ పొడవునా పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే లైనర్లకు ఒక్క క్షణమూ ఊపిరి తీసుకునే వ్యవధి దొరకదు. తొక్కుతూ వదులుతూ గబగబా పంపు చేస్తే ట్యాంకుల్లో గాలి కంప్రెసర్ నింపేదానికంటే వేగంగా ఖర్చవుతుంది. ఆ దారికి క్షేమమైన వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే, ముల్లు 30కి చేరగానే వేగం తగ్గుతున్నట్టు స్పష్టంగా తెలిసేలా గట్టిగా తొక్కి, 22 దాకా తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. మళ్లీ 30 చేరే వరకు ముట్టుకోకూడదు. ఒక్కొక్కసారి తొక్కే వ్యవధి మూడు సెకన్ల లోపే ఉంటుంది. మళ్లీ మళ్లీ చాలా త్వరగా తొక్కవలసి వస్తున్నదంటే వేసిన గేరు ఎక్కువైందని అర్థం, అప్పుడు బండిని దాదాపు నిలిపి గేరు తగ్గించుకోవాలి. వానలో ఖాళీ బండి నడిపేవారు మాత్రం ఎగ్జాస్ట్ బ్రేకును జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే బరువు లేని వెనక చక్రాలు తడి దారిలో జారే వీలుంది.

ఇంకొక సంగతి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మన రాయలసీమ ఎండల్లో నలభై డిగ్రీల వేడికి ఇంజిను పక్కన కూర్చుని నడిపే మనిషికి అది ఎప్పుడో అందవలసిన సౌకర్యం, దాన్ని మనసారా స్వాగతిస్తున్నాను. అయితే లైనరు కాలుతున్న వాసన, బూస్టర్ దగ్గర గాలి కారుతున్న సన్నని చప్పుడు ఇంతకాలం డ్రైవరుకు కిటికీలోంచే తెలిసేవి. ఘాట్ దిగేటప్పుడు అద్దం నాలుగు వేళ్ల మందం దించి ఉంచమని కొత్త బండ్ల డ్రైవర్లకు చెప్పడం యజమానుల బాధ్యత.

యజమానుల బాధ్యత అక్కడితో తీరదు. చాలాచోట్ల ట్రిప్పుకు ఇంత డీజిల్ అని లెక్క కట్టి ఇస్తారు, మిగిలితే డ్రైవరుకు, తగ్గితే డ్రైవరు బత్తాలోంచి కోత. ఈ లెక్క పెట్టిన మనిషే న్యూట్రల్ అలవాటును పోషిస్తున్నాడు. గంటల లెక్కన గడువు పెట్టి ఫోన్ల మీద ఫోన్లు చేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఘాట్ పైన పది నిమిషాలు ఆగే తీరికను డ్రైవరు నుంచి లాగేసుకుంటున్నది. ఒకప్పుడు ప్రతి బండిలో క్లీనరు ఉండేవాడు, దిగి చక్రాలు ముట్టి చూసి వచ్చేవాడు. ఇప్పుడు చాలా బండ్లలో డ్రైవరు ఒక్కడే, రాత్రంతా ఒక్కడే. అధిక లోడు సంగతి అందరికీ తెలిసిందే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు 2 వేల చొప్పున జరిమానా ఉంది. ఎక్కువైన సరుకు దించివేసే ఖర్చు కూడా వారి మీదే పడుతుంది. ఆ శిక్ష నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ వర్తిస్తుంది. అయినా ప్రమాదం తరువాత మొదటి పేరు డ్రైవరుదే, చాలాసార్లు చివరి పేరూ అతనిదే. ఎనిమిదేళ్లు దాటని బండికి రెండేళ్లకొకసారి, దాటినదానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉన్నా, ఆ రోజుకు బ్రేకులు బిగించి తీసుకువెళ్లి, ఆ తరువాత నెలల తరబడి చూడనివారు మా షెడ్డుకు వచ్చేవారిలోనే ఉన్నారు. ఘాట్ దారిలో తిరిగే బండికి స్లాక్ అడ్జస్టర్ల పరిశీలన వారానికొకసారైనా ఉండాలి. పెద్ద ఖర్చు ఏమీ కాదు, గంట పని.

ఇప్పుడు నా విన్నపానికి వస్తాను. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి కేటాయించారు. దిగే వాహనం కొండ పైన బయలుదేరిన సమయాన్ని, కింద చేరిన సమయాన్ని పోల్చి చూసి, నిర్ణీత వ్యవధి కంటే ముందే దిగినవారిని అడిగే పద్ధతి అక్కడ ఉందని దర్శనానికి వెళ్లివచ్చే మనందరికీ తెలుసు. ఒక్కొక్క మలుపు దగ్గర ఒక్కొక్క పోలీసును నిలబెట్టనక్కరలేకుండా మొత్తం దారి మీద వేగాన్ని అదుపు చేసే మార్గమది. గువ్వలచెరువు ఘాట్‌కు ఇదే పద్ధతిని భారీ వాహనాల వరకైనా అమలు చేయడం అసాధ్యమేమీ కాదు. పైన, గువ్వలచెరువు దాటాక వాలు మొదలుకాకముందు, ఒకేసారి కొన్ని లారీలు నిలిచేంత చదునైన స్థలం రహదారి పక్కన చదును చేయించి, భారీ వాహనాలన్నీ దానిలోకి మళ్లి వెళ్లేలా దారి మలచాలి. అక్కడ బయలుదేరే సమయం నమోదు చేయాలి, కింద కెమెరా దగ్గర చేరిన సమయం చూడాలి. ఇది తిరుమలంత పెద్ద ఏర్పాటు కానక్కరలేదు, రెండు కెమెరాలు, ఒక గది, మూడు వంతులుగా పనిచేసే సిబ్బంది చాలు.

ఆ ఆగే చోట డ్రైవరు దిగి చేయవలసిన పని పది నిమిషాలకు మించదు. ట్యాంకుల్లో గాలి నిండిందా, బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు గాలి దిగిపోతున్నదా అని మీటరులో చూడాలి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ చక్రం దగ్గరైనా డ్రమ్ము మిగతావాటి కంటే ఎక్కువ వేడిగా ఉందేమో అరచేయి దూరంగా పెట్టి చూడాలి. ఎక్కువ వేడి ఉన్న చక్రం పని ఎక్కువ చేస్తున్నట్టు, బొత్తిగా చల్లగా ఉన్నది పనే చేయనట్టు. టైర్లు, లోడు కట్టిన తాళ్లు చూసుకుని, గేరు తగ్గించి కదలాలి. అక్కడ పెట్టే బోర్డు మీద “నెమ్మదిగా వెళ్లండి” అని రాస్తే లాభం లేదు. ఎంత దూరం వాలు ఉంది, ఎన్ని మలుపులు ఉన్నాయి, 28 టన్నుల బండికి ఏ వేగం, 40 టన్నుల బండికి ఏ వేగం అన్నది పెద్ద అక్షరాలతో ఉండాలి. ఈ దారిలో తమిళ, కన్నడ, హిందీ డ్రైవర్లు కూడా తిరుగుతారు కనుక ఆ భాషల్లోనూ, చదువు రానివారి కోసం బొమ్మలతోనూ ఉండాలి. ఇప్పటికే లారీలు గువ్వలచెరువులో టీ కోసం, పాలకోవా కోసం దారి అంచున ఆగుతూనే ఉన్నాయి. అదే ఆగడాన్ని క్షేమమైన స్థలంలోకి మళ్లిస్తే వ్యాపారులకూ నష్టం ఉండదు, ఆగిన పది నిమిషాల్లో అంతకుముందు వేడెక్కిన డ్రమ్ములు కొంతైనా చల్లారుతాయి.

అన్నీ జాగ్రత్తగా చేసినా ఏదో ఒక బండి చేయి దాటుతుంది. దాని కోసం వాలు మధ్యలో, కింది భాగంలో, దారి పక్కనుంచి ఎదురెక్కుడుగా వెళ్లే తప్పించుకునే దారులు కట్టాలి. లోతుగా వదులుగా పోసిన గుండ్రటి కంకరలో చక్రాలు కూరుకుని బండి తనంతట ఆగిపోతుంది. బండి దెబ్బతింటుంది, మనిషి మిగులుతాడు. ఇది ఎక్కడ వీలవుతుందో కొండ వాలును కొలిచి ఇంజినీర్లు చెప్పాలి. ఘాట్‌కు సొరంగం వస్తుందన్న మాటలు వింటున్నాము, వస్తే సంతోషమే. కాని సొరంగం పేరు చెప్పి ఈలోగా చేయగలిగిన చిన్న పనులను వాయిదా వేయడం ఎంతమాత్రం తగదు. ఆగే చోటును కొన్ని నెలల్లో సిద్ధం చేయవచ్చు.

నంద్యాల–గిద్దలూరు దారిలోని నల్లమల ఘాట్‌కూ, ఆత్మకూరు–దోర్నాల దారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఆత్మకూరు–దోర్నాల మధ్య అటవీ శాఖ చెక్‌పోస్టులు వన్యప్రాణుల కోసం రాత్రిపూట రాకపోకలను ఆపుతున్నాయి, అంటే వాహనాలు నిలిచే చోటు అక్కడ ఇదివరకే ఉంది. గేటు మూసేలోపు దాటాలని ఉరుకే బండ్లకు, తెల్లవారగానే ఒక్కుమ్మడిగా కదిలే బండ్లకు అక్కడే బ్రేకుల సంగతి గుర్తు చేయడానికి ఒక బోర్డు, ఒక మనిషి చాలు.

కార్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారికి ఒక మనవి. దిగుతున్న లారీ చక్రాల దగ్గర పొగ కనబడినా, కాలిన వాసన వచ్చినా దాన్ని దాటి ముందుకు వెళ్లకండి, వెనకే దూరంగా ఉండండి. లారీకీ ముందు బండికీ మధ్య ఖాళీ ఉందని దూరి, వెంటనే బ్రేకు వేసే అలవాటు ఎంత అపాయమో పైన చెప్పిన లెక్కలను బట్టి గ్రహించగలరు. ఆ ఖాళీని లారీ డ్రైవరు కావాలనే ఉంచుకున్నాడు. లారీ సోదరులకు కూడా ఒకటి చెప్పాలి. పొగలు వస్తున్న డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పోత ఇనుము పగిలిపోతుంది. వేడి డ్రమ్ము మీద హ్యాండ్ బ్రేకు బిగించి వదిలేయకండి, చక్రాల కింద రాళ్లు పెట్టి చల్లారనివ్వండి, బయలుదేరేటప్పుడు ఆ రాళ్లను తీసి దారి అవతల వేయండి. చీకట్లో ఆ రాయి మీదికి ఎక్కి పడిన మోటారు సైకిలు వాళ్లను రిమ్స్ ఆసుపత్రికి చేర్చినవారు మా వీధిలో ఉన్నారు.

చివరగా శిక్షణ గురించి. భారీ వాహనం లైసెన్సు పరీక్ష చదునైన మైదానంలో జరుగుతుంది, అక్కడ నెగ్గిన మనిషి మరుసటి వారం ముప్పై టన్నులతో పాలకొండలు దిగవచ్చు. ఆర్టీసీలో కొత్త డ్రైవరును ఘాట్ రూటుకు పంపే ముందు అనుభవజ్ఞుడి పక్కన కూర్చోబెట్టి తిప్పేవారు, ఎక్కడ ఏ గేరో నోటితో చెప్పించేవారు. అదే పద్ధతిని లారీ యజమానుల సంఘాలు, రవాణా శాఖ కలిసి చేపడితే, శిక్షణ ఇవ్వగల విశ్రాంత డ్రైవర్లు ఈ జిల్లాలో కావలసినంత మంది ఉన్నారు. జిల్లా రహదారి భద్రతా సమావేశంలో కలెక్టరు గారు, జాతీయ రహదారుల అధికారులు, రవాణా శాఖ వారు ఈ ఆగే చోటు విషయాన్ని చర్చకు తీసుకోవాలని, తీసుకున్న రోజున ఒక డ్రైవరును, ఒక మేస్త్రీని కూడా ఆ గదిలో కూర్చోబెట్టాలని కోరుతున్నాను. స్థలం చూడటానికి ఎప్పుడు పిలిచినా వచ్చి, బండి ఎక్కడ ఆగితే మేలో, ఎక్కడ గేరు తగ్గించాలో నడిచి చూపడానికి కడప షెడ్లలో పనిచేసే మేమంతా సిద్ధంగా ఉన్నాము.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
కడప